ఊపిరి చాలడం లేదనే యువతకు, వారి తల్లిదండ్రులకు

(ఆలయ ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికమీద నేను సాధారణంగా పురాణమో ఉపనిషత్తో చెప్పుకొంటూ ఉంటాను. ఈ సాయంకాలం విషయం కొంచెం వేరు. ప్రవచనం ముగిసి, తీర్థప్రసాదాలు అయిన తరువాత నన్ను కలుసుకొనే దంపతుల నోట ఒక ప్రశ్న ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. "శాస్త్రిగారూ, మావాడికి ఇరవై ఆరేళ్లు. ఊపిరి అందడం లేదంటాడు. గుండె పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, రక్తపరీక్షలు అన్నీ చేయించాము. ఏమీ లేదన్నారు. జాతకంలో ఏమైనా దోషం ఉన్నదేమో చూడండి. మృత్యుంజయ హోమం చేయించమంటారా?" అడిగేవారి ఊరు వేరు, పేరు వేరు. మాట మాత్రం ఒక్కటే. కొందరు కుమారుణ్ణి గురించి అడుగుతారు, కొందరు కుమార్తెను గురించి. ఆ బిడ్డ పది అడుగుల దూరంలో స్తంభానికి ఆనుకొని, ఇటు చూడకుండా నిలబడి ఉంటాడు.

నేను వైద్యుడను కాను. ముప్పై ఎనిమిదేళ్లు వ్యాకరణం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడిని. కనుక నా నోట మందు పేరు రాదు. అయితే ప్రాణమన్నా, శ్వాస అన్నా మన శాస్త్రాలు విస్తారంగా విచారించిన విషయాలు. వాటిలో చెప్పినదీ, నాకు తెలిసిన వైద్యులు ఓపికతో వివరించినదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ముందు మన తెలుగునే చూడండి. మెట్లెక్కితే వచ్చేది ఆయాసం. పరుగెత్తితే రొప్పు. రాత్రివేళ పిల్లికూతలతో పట్టేది ఉబ్బసం. దిగులుతో వచ్చేది నిట్టూర్పు. అంత్యకాలంలో చూసేది ఎగశ్వాస. ఉసురు అన్న మాటకు ఊపిరి అనీ, ప్రాణమనీ రెండర్థాలూ ఉన్నాయి. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ. తెలుగువారు ఆ మాటను శ్రమపడినప్పుడు వచ్చే ఊపిరికి పెట్టుకొన్నారు. ఇన్ని మాటలున్నా ఈనాటి పిల్లలు చెప్పే బాధ వీటిలో దేనిలోనూ సరిగా ఇమడదు. "నిండుగా పీల్చినా ఎక్కడో మధ్యలో ఆగిపోతున్నట్లు ఉంటుంది. ఒక ఆవులింత వస్తే గాని తృప్తి కలగదు. మళ్లీ అయిదు నిమిషాలకు అదే వెలితి." పని చేస్తున్నప్పుడు కాక, ఊరకే కూర్చున్నప్పుడు ఇది ఎక్కువ. పేరు లేని బాధ కనుక భయం రెట్టింపవుతుంది.

చరకసంహిత చికిత్సాస్థానంలో ఎక్కిళ్లకూ శ్వాసరోగాలకూ కలిపి ఒక అధ్యాయం ఉన్నది. ప్రాణాలు తీసే రోగాలు ఎన్ని ఉన్నా ఈ రెండింటంత వేగంగా తీసేవి లేవని అక్కడే ఆచార్యుడు అంటాడు. కనుక ఊపిరి విషయంలో మనిషి భయపడడం తెలివితక్కువతనమేమీ కాదు. ఆ తరువాత శ్వాసరోగాన్ని మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని అయిదుగా విభజిస్తాడు. మొదటి మూడూ ప్రాణాంతకాలు. తమకశ్వాస మబ్బు పట్టినా, చలిగాలి వీచినా, తూర్పుగాలి తగిలినా పెరుగుతుంది. పడుకొంటే బాధ, కూర్చుంటే ఉపశమనం. మన ఇళ్లలో ఉబ్బసం చూసినవారికి ఈ వర్ణన చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఇక క్షుద్రశ్వాస శ్రమవల్లా, రూక్షాహారం వల్లా కలిగేది. అది అన్నపానాలను ఆపదు, ఇంద్రియాలను బాధించదు, కాసేపటికి శమిస్తుంది.

శ్వాస అనే ఒకే పేరు కింద ప్రాణం తీసేదీ ఉన్నది, కొంతసేపు కూర్చుంటే పోయేదీ ఉన్నది. ఏది ఏదో వేరు చేయడమే వైద్యుని మొదటి పని. ఆ పని ఇంట్లో అత్తగారూ, గుళ్లో పురోహితుడూ చేయదగినది కాదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. మా వీధిలో ఒక అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండేది. రెండంతస్తులు ఎక్కితే ఊపిరి ఆడక కూర్చుండిపోయేది. పరీక్షల బెంగ అన్నారు ఇంట్లో. పెళ్లి మాట ఎత్తాక మొదలైంది కనుక ఆ బెంగే అన్నారు మరికొందరు. మేనత్త రక్షరేకు కట్టించాలని నా దగ్గరకు తీసుకొని వచ్చింది. మా ఇంట్లో ఆవిడ ఆ పిల్లను వెలుతురులోకి తీసుకొనిపోయి, కింది కనురెప్ప లాగి చూసి, "ఈ పిల్లకు ఒంట్లో నెత్తురు లేదు, ముందు ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి" అన్నది. పరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములు. ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి. ఇనుము మాత్రలు వాడితే కొన్ని నెలలలో తేరుకొన్నది. పాండురోగ లక్షణాలలో శ్వాసను చరకుడు ఏనాడో చేర్చాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే ఈ మండపంలో కూర్చున్న ఆ వయస్సు తల్లులలో, బిడ్డలలో ఎందరికి ఉండవచ్చునో మీరే ఊహించుకోండి. ఊపిరి చాలడం లేదని ఆడపిల్ల అంటే వెంటనే మనోవ్యాధి అని పేరు పెట్టే పెద్దలను చూస్తే నాకు కోపం వస్తుంది.

రక్తహీనత ఒక్కటే కాదు. ఉబ్బసం ఉండవచ్చు, థైరాయిడ్ ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు. చిన్ననాడు కీళ్లవాపుతో జ్వరం వచ్చినవారికి గుండె కవాటం దెబ్బతిని యౌవనంలో ఆయాసంగా బయటపడవచ్చు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పెదవులు నీలి రంగుకు మారడం, రక్తం పడడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడక వాక్యం పూర్తిచేయలేకపోవడం వంటివి కనబడితే తిథివార నక్షత్రాలు చూడవద్దు, 108కి ఫోన్ చేయండి. తగ్గని దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఊపిరి ఆడక లేచి కూర్చోవడం ఉంటే ఆ వారంలోనే వైద్యునికి చూపించండి.

ఇప్పుడు రెండవ పక్షానికి వస్తాను. వైద్యుడు శ్రద్ధగా చూశాడు, అవసరమైన పరీక్షలు చేశాడు, అవయవాలన్నీ బాగున్నాయన్నాడు. అయినా బాధ పోలేదు. అప్పుడేమిటి?

హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చాడు. ఈ మండపంలోనే నా పక్కన అరగంట కూర్చున్నాడు. ఆ అరగంటలో జేబులోనుంచి చిన్న యంత్రం తీసి అయిదుసార్లు వేలికి పెట్టుకొన్నాడు. కరోనా రోజులలో మన ఇళ్లలోకి వచ్చిన ఆక్సీమీటర్ అది. 98, 98, 97. ఆ 97 చూసి అతని ముఖం వాడిపోయింది. ఆరోగ్యవంతులకు 95 నుంచి 100 దాకా ఎంత ఉన్నా సరియైనదేనని అతనికి తెలుసు. గోళ్లరంగు ఉన్నా, వేలు చల్లబడినా అంకె మారుతుందనీ తెలుసు. తెలిసినా ఒక్క అంకె తగ్గితే గుండె జారుతుంది. ఆ యంత్రం రక్తహీనతను పట్టుకోలేదని కూడా ఇక్కడే చెప్పాలి. మా వీధి అమ్మాయి వేలికి పెట్టినా అది 98 చూపేదే. నిజమైన రోగిని పట్టించలేక, రోగం లేనివాణ్ణి భయపెట్టే పనికి దానిని వాడుకొంటున్నాము.

నేను అతన్ని దోషం సంగతి అడగలేదు. ఎప్పటినుంచి అని అడిగాను. 2021 వేసవిలో మేనమామ పోయాడట. ప్రాణవాయువు సిలిండరు కోసం ఊరంతా తిరిగింది ఈ అబ్బాయే. దొరికింది, గాని ఆలస్యంగా. మేనమామ చివరి రోజున తీసిన ఊపిరిని ఇతడు పక్కన నిలబడి చూశాడు. ఈ సంగతి చెబుతున్నప్పుడు తల్లి నివ్వెరపోయి చూసింది. ఆమె తమ్ముడే ఆయన. నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదట. కొడుకు ఊపిరికీ తమ్ముని మరణానికీ సంబంధం ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

ఇటువంటివానితో "నీకేమీ లేదు, ధైర్యంగా ఉండు" అని అంటాము. వేదాంతంలో అందరికీ తెలిసిన దృష్టాంతం రజ్జుసర్పం. మసక వెలుతురులో తాడు పామువలె కనిపించింది. పాము లేదన్నది సత్యమే. కానీ ఆ మనిషికి పట్టిన చెమట ఉన్నది, వణుకు ఉన్నది, గుండెదడ ఉన్నది. అవి కల్పితాలు కావు. వాటిని కొట్టిపారేస్తే అతడు మనకు చెప్పడం మానేస్తాడు. దీపం తెచ్చి చూపించాలి. వైద్యుని పరీక్ష ఆ దీపం. అయితే దీపంతో ఒకసారి చూసినవాడు, మళ్లీ గంటకొకసారి దీపం పట్టుకొని అది తాడేనా అని చూడబోతే ఏమవుతుంది? చూసిన ప్రతిసారీ పాము భావన కొత్తదవుతుంది. పతంజలి యోగానికి చెప్పిన తొమ్మిది అంతరాయాలలో వ్యాధి మొదట ఉన్నది, సంశయం మూడవ స్థానంలో ఉన్నది. ఈ పిల్లలకు వ్యాధి పోయినా సంశయం పోదు.

ఆ తొమ్మిది చెప్పిన వెంటనే పతంజలి మరో సూత్రంలో, చెదరిన చిత్తానికి తోడుగా వచ్చేవాటిని చెప్పాడు. దుఃఖం, దౌర్మనస్యం, అవయవాల వణుకు, శ్వాసప్రశ్వాసలు. సమాహితమైన చిత్తం కలవారికి ఇవి ఉండవని వ్యాసభాష్యం. ఊపిరి బతికున్నవారందరికీ ఉంటుంది కదా, దాన్ని విక్షేపానికి తోడని ఎందుకన్నాడని మా విద్యార్థులు అడిగేవారు. తన ఇచ్ఛ లేకుండా, క్రమం తప్పి, తనను లాగుకొనిపోయే ఊపిరి అక్కడ ఉద్దిష్టమని చెప్పేవాణ్ణి. ఈ పిల్లలను చూశాక ఆ సూత్రం నాకు మరింత బోధపడింది.

దీనిలో శరీరం చేసే పనిని ఒక వైద్యమిత్రుడు నాకు ఇలా విడమరచి చెప్పాడు. గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. మనం వదిలే ఊపిరిలో కూడా సుమారు 16 శాతం మిగిలే ఉంటుంది. కనుక ఆరోగ్యవంతునికి కొరత అనే మాట లేదు. భయంతో మనిషి గబగబా, లోతుగా పీలుస్తాడు. అప్పుడు రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు వాయువు అవసరమైన దానికంటె ఎక్కువగా బయటికి పోతుంది. దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత సన్నబడతాయి. తల తిరుగుతుంది, పెదవుల చుట్టూ, వేళ్ల కొనలలో తిమ్మిరి పుడుతుంది, ఛాతీ బిగుస్తుంది. ఊపిరి చాలకనే ఇదంతా అనుకొని ఇంకా పీలుస్తాడు. నీరు ఎక్కువై మునుగుతున్నవాడు దాహమని ఇంకా తాగినట్లు. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో ఇటువంటి గుండెదడ, ఆయాసం, అలసట చూసి డకోస్టా అనే వైద్యుడు 1871లో ఒక వ్యాసం ప్రకటించాడు. వారిలో చాలామందికి గుండెలో చెప్పుకోదగిన లోపం కనబడలేదు. అంటే ఇది ఈనాటి పిల్లల సుకుమారం వల్ల పుట్టినది కాదు. యుద్ధం చేసివచ్చినవారికీ వచ్చింది.

ఊపిరికి ఒక చిత్రమైన స్వభావం ఉన్నది. అది మనం పట్టించుకోకపోయినా నడుస్తుంది, పట్టించుకొంటే మన మాట వింటుంది. జీర్ణక్రియ అలా వినదు. అందువల్లనే ప్రాణాయామం సాధ్యమైంది, అందువల్లనే ఈ అవస్థా సాధ్యమైంది. నేను ఈ మాట అంటుండగానే మీలో కొందరు మీ ఊపిరిని గమనించడం మొదలుపెట్టి ఉంటారు. కొంచెం తేడాగా అనిపించి ఉంటుంది. ఏమీ పరవాలేదు, నా మాటల మీదికి రండి, అది దానంతట అదే సర్దుకొంటుంది.

రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతుందేమోనని పడుకోని పిల్లలు ఉన్నారు. వారికి నేను ప్రశ్నోపనిషత్తు చెబుతాను. ఇంద్రియాలన్నీ మనస్సులో లీనమై నిద్రపోయినప్పుడు ఈ దేహమనే పురంలో మేలుకొని ఉండేవి ప్రాణాగ్నులేనని అందులో ఉన్నది. బృహదారణ్యకంలో మరొక కథ. వాక్కు మాట్లాడుతూనే ఉంటానని, కన్ను చూస్తూనే ఉంటానని, చెవి వింటూనే ఉంటానని వ్రతం పట్టాయి. మృత్యువు శ్రమ రూపంలో వచ్చి అన్నిటినీ పట్టుకొన్నది. ప్రాణాన్ని మాత్రం పట్టుకోలేకపోయింది. మీరు కాపలా కాయనవసరం లేని కాపలాదారు ఆయన. జపానికి కూర్చోకపోయినా ఊపిరే జపంగా నడుస్తున్నదని మన పెద్దలు అజపాగాయత్రి అన్నారు. అహోరాత్రానికి 21,600 అని లెక్క కట్టారు. నిమిషానికి 15. పెద్దలకు విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20 అని నేటి వైద్యులు చెప్పే లెక్కలోనే అది పడుతున్నది.

ఇక్కడ ప్రాణాయామం పేరుతో జరుగుతున్నదాని గురించి ఒక మాట. ఊపిరి భయం ఉన్న పిల్లవాణ్ణి తీసుకొనిపోయి, తొలిరోజే వేగంగా కపాలభాతి, భస్త్రిక చేయిస్తున్నారు. అతడు అప్పటికే ఎక్కువ గాలి పీల్చి బాధపడుతున్నాడు, దాన్ని ఇంకా పెంచుతున్నారు. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా వశపరచుకొన్నట్లు వాయువును వశపరచుకోవాలనీ, లేకుంటే సాధకుణ్ణే చంపుతుందనీ హఠయోగప్రదీపిక హెచ్చరించింది. అపక్రమంగా చేస్తే ఎక్కిళ్లు, శ్వాస, దగ్గు పుడతాయని కూడా అందులోనే ఉన్నది. గురువులమని చెప్పుకొనేవారు ఆ పుట కూడా తిప్పితే బాగుంటుంది. చిత్తప్రసాదానికి పతంజలి చెప్పిన ఉపాయంలో మొదటి మాట ప్రచ్ఛర్దనం. అంటే ఊపిరిని విడవడం. పీల్చడం గురించి అక్కడ మాటే లేదు. ఈ పిల్లలు రోజంతా పీల్చడం మీదనే ధ్యాస పెడతారు. మెల్లగా, పొడవుగా విడవండి, పీల్చే పని దేహమే చూసుకొంటుంది. బిగపట్టవద్దు, లెక్కపెట్టి పోటీ పడవద్దు. కాగితపు సంచిలో ఊపిరి తీయమనే పాత చిట్కా కూడా వద్దు. అది నిజంగా ఉబ్బసమో గుండెజబ్బో అయితే ప్రమాదం.

ఇక హోమం సంగతి. చరకుడు చికిత్స మూడు విధాలన్నాడు. మంత్ర, హోమ, ఉపవాసాదులు దైవవ్యపాశ్రయం. ఆహారౌషధాలు యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాలనుంచి మనస్సును మరలించడం సత్త్వావజయం. మొదటిదానికి మీరు మా దగ్గరకు వస్తారు, రెండవదానికి ఆసుపత్రికి వెళతారు. మూడవదానికి ఎవరూ వెళ్లరు. ఆ పని ఈనాడు మానసిక వైద్యులు చేస్తున్నారు. మాటలతో చేసే చికిత్స ఈ బాధకు చక్కగా పనిచేస్తుంది. నేను ఆ అబ్బాయిని మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లమంటే, తండ్రి లేచి నిలబడి "మావాడికి పిచ్చి లేదండీ" అన్నాడు. పిచ్చి ఉన్నదని నేననలేదు. పన్నునొప్పికి పంటివైద్యుడు ఎలాగో ఇదీ అలాగే అన్నాను. ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు. తల్లి ఒప్పుకొన్నది. డబ్బు ఖర్చు, నలుగురికీ తెలుస్తుందన్న సంకోచం ఉన్నవారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్‌కు 14416 నంబరుపై ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

హోమం చేయించవద్దని నేననను. చేయించండి, ఆ అబ్బాయినే పీటలమీద కూర్చోబెట్టండి. కానీ దోషం ఉన్నదనీ, గండం ఉన్నదనీ అతని చెవిన వేసి చేయించవద్దు. భయంతో ఊపిరి బిగిసినవానికి గండం అన్న మాట విషం. మావారిలో కూడా ఆ మాటను తేలికగా వాడేవారు ఉన్నారు, వారికీ ఇదే నా విన్నపం.

దేవాలయం చేయగల సాయం మరొకటి ఉన్నది. మేము బాల్యంలో వేదం నేర్చేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గురువు చూపించేవారు. నడుమ తీస్తే బెత్తం. పలుకంతా విడిచే ఊపిరిమీదనే నడుస్తుంది కనుక, స్తోత్రాన్ని పైకి చదివేవానికి తెలియకుండానే విడుపు పొడవవుతుంది. 2001లో ఇటలీలో బెర్నార్డి అనే వైద్యుడు, తోటివారు క్రైస్తవుల జపమాల ప్రార్థననూ ఒక బౌద్ధమంత్రాన్నీ కొందరిచేత పైకి చదివించి కొలిచారు. ఊపిరి నిమిషానికి సుమారు 6కు తగ్గింది. విష్ణుసహస్రనామం చదివే మన అమ్మమ్మలను ఎవరూ కొలవలేదు గాని, వారు చదివి లేచినప్పటి ముఖం మనం చూసినదే. ఆ అబ్బాయి కొన్నాళ్లుగా ఇంట్లో పైకి చదువుతున్నాడు. వైద్యుని దగ్గరకూ వెళుతున్నాడు. ఆక్సీమీటర్ తల్లి బీరువాలో ఉన్నదట. ఒక్కో రాత్రి ఇంకా అడుగుతాడట. ఆమె ఇవ్వక, పక్కన కూర్చుని తమ్ముని సంగతులు చెబుతుందట. చిన్నప్పుడు ఇద్దరూ చెరువుకు వెళ్లినవీ, మామిడికాయలు దొంగిలించినవీ.

మెట్లదారిన కొండ ఎక్కదలచినవారికి కడపట ఒక సూచన. ఆకలితో ఉండి శ్రమ చేయడం ప్రాణవహ స్రోతస్సులను చెరుస్తుందని చరకుడు అన్నాడు. ఉపవాసం ఉన్న రోజున మెట్లు ఎక్కవద్దు. ఆయాసం వచ్చిన చోట కూర్చోండి. దానికి సిగ్గుపడనవసరం లేదు, దారిపొడవునా అరుగులు కట్టించినది అందుకే. కూర్చున్నవాణ్ణి చూసి "ఈ వయస్సులోనే ఇంత ఆయాసమా" అని ఎవరూ అనకండి. పక్కన కొంచెం చోటిచ్చి, మంచినీళ్లు అందించండి.